ప్లాస్టిక్ రేజరు మానేసి లోహపు సేఫ్టీ రేజరుకు మారడం: కాళ్లకూ చంకలకూ పనికివస్తుందా?

ప్రశ్న (విజయవాడ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. పదిహేనేళ్లుగా కాళ్లకూ చంకలకూ వాడి పారేసే ప్లాస్టిక్ రేజర్లే వాడుతున్నాను. మొన్న స్నానాలగదిలోని అలమర సర్దుతుంటే తుప్పు పట్టినవి, మొండిబారినవి, తల విరిగినవి కలిపి పదకొండు బయటపడ్డాయి. ఏ చెత్తబుట్టలో వేయాలో తెలియక దాచినవే అన్నీ. వాటిని వరుసగా గట్టు మీద పేర్చి చూసేసరికి, ఇక ఇంకొకటి కొనబుద్ధి కాలేదు.

మా నాన్నగారు వాడిన ఇత్తడి రేజరు ఒకటి పెట్టెలో ఉంది. పిడి మర తిప్పితే మూడు ముక్కలుగా విడిపోతుంది. దానిని నేను వాడవచ్చా, లేక కొత్తది కొనుక్కోవాలా? ముఖానికని చేసిన వస్తువు మోకాలి చిప్ప దగ్గర, చీలమండ దగ్గర గాటు పడకుండా పనిచేస్తుందా? మాకు వచ్చేది బోరు నీరు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. పైగా బ్లేడుతో గీస్తే వెంట్రుకలు మోటుగా మొలుస్తాయని మా అత్తగారు గట్టిగా చెబుతున్నారు. అనుభవమున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం (హనుమకొండ నుంచి)

నాలుగేళ్లుగా అదే తరహా రేజరుతో కాళ్లూ చంకలూ గీసుకుంటున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నానండీ, నిస్సందేహంగా పనికివస్తుంది. మీ చేతిలో ఇత్తడిది ఉండగా కొత్తది కొనే అవసరం లేదు. ముందుగా మూడు ముక్కలూ విడదీసి, గోరువెచ్చటి సబ్బు నీళ్లలో నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో మరచుట్ల మధ్య తోమండి. ఇత్తడి కదా అని చింతపండు పెట్టకండి. అలాంటి పాత రేజర్ల మీద చాలావరకు నికెల్ పూత ఉంటుంది, పులుపుకు ఆ పూత మచ్చలు పడుతుంది. ఆరిన తరువాత స్పిరిట్‌తో తుడిచి, కొత్త బ్లేడు బిగించి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. బ్లేడు అంచు రెండు పక్కలా సమానంగా కనిపిస్తే రేజరు బాగున్నట్టే. ఒక పక్క ఎక్కువ పొడుచుకు వస్తే విప్పి మళ్లీ బిగించండి. అప్పటికీ సరికాకపోతే తల వంగిందని అర్థం, దానిని వాడవద్దు.

ఎప్పుడైనా కొనవలసి వస్తే ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీలుదో తీసుకోండి. చవకగా వచ్చేవాటిలో ఎక్కువ భాగం జింకు మిశ్రమలోహానికి క్రోమియం పూత వేసినవే. పూత లేచిన చోట గుంటలు పడతాయి, రాతి నేల మీద పడితే మర దగ్గర విరుగుతుంది. నా మొదటి రేజరు సరిగ్గా అలాగే పోయింది. అంచు కింద దువ్వెన పళ్లలాంటివి ఉన్న తల కాకుండా, సాదా పట్టీ ఉన్నదే మనకు అనువు.

ఇది కొత్తగా పుట్టిన పర్యావరణ వస్తువేమీ కాదు. పలుచని బ్లేడు ఒక్కటే మార్చుకుంటూ పిడిని ఏళ్ల తరబడి ఉంచుకునే ఈ పద్ధతికి కింగ్ క్యాంప్ జిలెట్ 1904లో అమెరికాలో పేటెంటు పొందాడు. మొత్తం రేజరునే పారేయడమన్నది 1975లో బిక్ కంపెనీ తెచ్చిన రకంతో ఊపందుకుంది. మన దేశంలో 2022 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన ప్లాస్టిక్ నిషేధపు జాబితాలో చెవి పుల్లలు, స్ట్రాలు, చెంచాలు, థర్మకోల్ అలంకరణలు ఉన్నాయి గానీ రేజర్లు లేవు. అందువల్ల దుకాణంలో అవి దొరుకుతూనే ఉంటాయి. మానుకోవడం మన చేతిలోనే ఉంది. పిడి మాత్రం ఉంచుకుని తల మార్చే కార్ట్రిడ్జి రకానికి వెళ్లినా ఆ తలలో ప్లాస్టిక్, ఉక్కు, రబ్బరు, జిగురు పట్టీ విడదీయలేనంతగా కలిసిపోయి ఉంటాయి కనుక తుక్కు కొట్టువారు దానిని ముట్టుకోరు.

ఇక గీసే తీరు. ప్లాస్టిక్ రేజరు మనకు నేర్పిన పాడు అలవాటు అదిమిపట్టడం. మొండి బ్లేడును చర్మానికి నొక్కి లాగడం పదిహేనేళ్లుగా చేతికి పట్టిపోయి ఉంటుంది, మొదటి నెలలో పడే గాట్లన్నీ దాని వల్లనే పడతాయి. ఈ రేజరుకు దాని బరువే చాలు. పిడిని మూడు వేళ్లతో, పెన్ను పట్టుకున్నంత తేలికగా, కొసకు దగ్గరగా పట్టుకోండి. తల పైభాగాన్ని చర్మానికి ఆనించి, బ్లేడు తగిలేదాకా పిడిని మెల్లగా దించితే సుమారు ముప్ఫై డిగ్రీల వాలు వస్తుంది. అక్కడి నుంచి రెండేసి అంగుళాల చిన్న గీతలుగా రండి.

స్నానం చివర, చర్మం రెండు మూడు నిమిషాలు వెచ్చటి నీటిలో నానిన తరువాతే మొదలుపెట్టండి. మొదటిసారి పిక్కలు మాత్రమే గీయండి, ఎందుకంటే అక్కడ చదునుగా ఉంటుంది. మోకాలి ముందు భాగానికి కాలు ముడిస్తే చర్మం బిగుస్తుంది, వెనుక భాగానికి కాలు చాపాలి. చీలమండ దగ్గర ఎముక మీదుగా నేరుగా లాగకూడదు. రెండో చేతి బొటనవేలితో అక్కడి చర్మాన్ని పక్కకు, మెత్తటి భాగం మీదికి జరిపి, అప్పుడు అంగుళంలోపు గీత గీయాలి. చంకలో వెంట్రుక ఒక వైపుకే వాలదు, పైన ఒక దిక్కు, కింద మరొక దిక్కు ఉంటుంది. చేతిని తల వెనక్కి పెట్టి గుంటను సాగదీసి, పై నుంచి కిందికి, కింది నుంచి పైకి, తరువాత అడ్డంగా, ప్రతిసారీ మళ్లీ నురగ రాసుకుని గీయండి. నురగ లేని చోట రెండోసారి బ్లేడు తగలకూడదు, ఈ ఒక్కటి మాత్రం మరచిపోకండి. మర్మభాగాలకు మొదటి రెండు నెలలూ దీనిని వాడవద్దు. ఆ తరువాత కూడా ట్రిమ్మరుతో కత్తిరించుకోవడమే క్షేమమని నా అభిప్రాయం. మధుమేహం ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుని అడిగిన తరువాతే మొదలుపెట్టాలి.

మీ అత్తగారి మాట చాలా ఇళ్లలో వినిపించేదే. వెంట్రుక కొస సహజంగా సన్నబడి ఉంటుంది. బ్లేడు దానిని మధ్యలో తెగ్గొడితే మొద్దు అంచు మిగులుతుంది, చేతికి గరుకుగా తగులుతుంది. కుదురు చర్మం లోపల ఉంది, బ్లేడు అక్కడికి చేరదు. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త దీనిని పరిశీలించి, గీయడం వల్ల వెంట్రుక లావెక్కడం గానీ వేగంగా పెరగడం గానీ లేదని ప్రకటించారు.

సమాధానం (రాజమహేంద్రవరం నుంచి)

మాది మూడు తరాలుగా సెలూను నడుపుతున్న కుటుంబం. పై సమాధానంలో చెప్పినదంతా సరిగానే ఉంది, నా వృత్తి వైపు నుంచి కొన్ని మాటలు కలుపుతాను.

బ్లేడును ఎప్పుడూ పొట్టి అంచులు పట్టుకునే తీయాలి, పెట్టాలి. పదును పొడవు అంచులకే ఉంటుంది. తడి చేతులతో బ్లేడు మార్చకండి. గీసేటప్పుడు చెవి కూడా పెట్టండి. వాలు సరిగా కుదిరితే సన్నటి గరగర శబ్దం వస్తుంది, అది ఆగిపోయిందంటే బ్లేడు వెంట్రుకను తాకడం లేదని అర్థం. కాళ్లకు నాలుగైదు సార్లు వాడాక బ్లేడు మార్చండి, అంతకన్నా ముందే లాగుతున్నట్టు అనిపిస్తే అప్పుడే మార్చండి. మిగుల్చుకుందామని మొండి బ్లేడుతో గీస్తే గాటుకు గాటూ, ఆపైన పొక్కులూ. ఒక్కో బ్లేడు పది రూపాయల లోపే దొరుకుతున్నప్పుడు ఆ పీనాసితనం అనవసరం. కొనేటప్పుడు అట్టపెట్టెలో, ఒక్కొక్కటి మైనపు కాగితంలో చుట్టి ఉన్నవి అడగండి. కొన్ని రకాలు ప్లాస్టిక్ డబ్బీలో వస్తాయి, మీ ఉద్దేశానికి అవి పనికిరావు.

ఒకరు వాడిన బ్లేడు మరొకరు, తల్లీకూతుళ్లయినా సరే, వాడకూడదు. కంటికి కనిపించని రక్తపు చుక్కతో హెపటైటిస్ బి, సి వంటివి అంటుకుంటాయి. మా కొట్టులో బ్లేడును కాగితంతో సహా రెండుగా విరిచి, మనిషికొక సగం వాడేది అందుకే.

గాటు పడితే కంగారు పడకుండా పటిక ముక్కను తడిపి అద్దండి. చురుక్కుమంటుంది, రక్తం నిలుస్తుంది. పటిక ముక్క కూడా ఎవరిది వారికే ఉండాలి.

అనుబంధ ప్రశ్న (కడప నుంచి)

షేవింగు క్రీము కూడా ప్లాస్టిక్ గొట్టంలోనే వస్తున్నది కదా, దానికి బదులు కుంకుడుకాయ రసం నురగ వాడుకోవచ్చా? కొబ్బరినూనె సరిపోతుందా?

సమాధానం (హనుమకొండ నుంచి)

కుంకుడు రసం నేను ప్రయత్నించి చెంపలు వేసుకున్నాను. నురగ గిన్నె నిండా వస్తుంది గానీ అందులో జారుడు గుణం లేదు, బ్లేడు చర్మాన్ని పట్టుకుని ఆగిపోతుంది. గీరుకున్న చోట పడితే మంట కళ్లలో పడినంత పని అవుతుంది. కొబ్బరినూనె జారుతుంది, కాకపోతే స్నానాలగది నేల కూడా జారుతుంది, పెద్దవారున్న ఇంట్లో అది ప్రమాదం. కాగితంలో చుట్టి అమ్మే షేవింగు సబ్బు బిళ్ల, ఒక బ్రష్షు కొనుక్కోవడం ఉత్తమం.

విజయవాడవారి బోరు నీటి సమస్యకు కూడా విరుగుడు ఇక్కడే ఉంది. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా విరిగిపోతాయి, అందుకే నురగ కట్టదు. అయితే నురగ చేయడానికి కావలసింది నాలుగైదు చెంచాల నీరే. ఆ మాత్రం తాగే నీళ్లు గ్లాసులో పట్టుకుని, అందులోనే బ్రష్షు తడిపి సబ్బు మీద అర నిమిషం తిప్పండి. కాలు కడగడానికి బోరు నీరే చాలు. పని అయ్యాక రేజరు మర కాస్త వదులు చేసి, నీళ్లు విదిలించి, స్నానాలగది బయట ఆరబెట్టండి. బ్లేడును తువ్వాలుతో తుడిస్తే అంచూ పోతుంది, తువ్వాలూ తెగుతుంది.

సమాధానం (డాలస్ నుంచి)

వాడిన బ్లేడు సంగతి ఎవరూ ఎత్తలేదు. దానిని విడిగా చెత్తబుట్టలో వేస్తే, మరునాడు ఆ చెత్తను చేత్తో వేరుచేసే పారిశుద్ధ్య కార్మికుని వేళ్లు తెగుతాయి. మూత బిగుతుగా ఉన్న రేకు డబ్బా ఒకటి తీసుకుని, మూతకు బ్లేడు పట్టేంత సన్నని చీలిక పెట్టి, వాడిన బ్లేడ్లు అందులో జారవిడవండి. బ్లేడు ఉక్కుదే కనుక డబ్బా నిండాక మూత చుట్టూ టేపు అంటించి, లోపల ఏముందో చెప్పి, పాత ఇనుము కొనేవారికి ఇవ్వవచ్చు. ఇక్కడ అమెరికాలో పాత ఇళ్ల అద్దాల బీరువాల వెనుక ఒక చీలిక ఉంటుంది, వాడిన బ్లేడు అందులో వేస్తే గోడ లోపల పడిపోతుంది. మరమ్మతుకు గోడ పగలగొట్టినవారి మీద తుప్పు బ్లేడ్లు గుట్టగా రాలుతుంటాయి.

విమానంలో వచ్చేవారు బ్లేడ్లను చేతిసంచిలో పెట్టకండి, తనిఖీలో తీసేస్తారు. అప్పగించే సామానులో పెట్టుకోవాలి.

ప్రశ్న అడిగినవారి నుంచి, ఆరు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారి రేజరు తల సరిగానే ఉంది. విప్పినప్పుడు ఆయన చివరిసారి బిగించిన బ్లేడు గోధుమరంగు తుప్పుతో లోపలే అంటుకుని ఉంది. కాసేపు దానిని అలాగే చూస్తూ కూర్చున్నాను.

మొదటి వారం ఎడమ చీలమండ మీద రెండు గాట్లు పడ్డాయి, రెండూ ఎముక మీదుగా లాగినందుకే. చర్మాన్ని పక్కకు జరపడం అలవాటయ్యాక మళ్లీ పడలేదు. మంచినీళ్ల గ్లాసు చిట్కాతో నురగ వెన్నలా వస్తున్నది. చంకలకు మాత్రం ఇప్పటికీ పావుగంట పడుతున్నది, అడ్డంగా గీసేటప్పుడు చేయి కుదరడం లేదు. పాత ప్లాస్టిక్ రేజర్లలో విప్పని ప్యాకెట్టు ఒకటి దొరికితే ఊరికి వెళ్లేటప్పుడు వాడుతున్నాను, అది అయిపోతే ఇక లేవు.

కాఫీపొడి డబ్బా మూతకు చీలిక పెట్టించాను. అందులో ఇప్పుడు మూడు బ్లేడ్లున్నాయి, నాన్నగారిదానితో కలిపి.