నిత్యజీవం ఇప్పుడే మొదలవుతుందా, మరణం తరువాతనా?

ప్రశ్న – సండే స్కూల్ ఉపాధ్యాయిని

అందరికీ ప్రభువు నామమున వందనములు. మా సంఘంలో పదో తరగతి పిల్లలకు యోహాను సువార్త బోధిస్తున్నాను. భూస్థాపన ఆరాధనల్లో "మన సహోదరుడు నిత్యజీవంలో ప్రవేశించాడు" అనడం వాళ్లు చాలాసార్లు విన్నారు. అయితే 5వ అధ్యాయం 24వ వచనంలో, విశ్వసించినవాడు ఇప్పటికే నిత్యజీవం గలవాడనీ, మరణంలోనుండి జీవంలోనికి దాటియున్నాడనీ యేసు చెబుతున్నాడు. "ముందే దొరికితే, సమాధి దగ్గర మళ్లీ ప్రవేశించడమేమిటి టీచర్?" అని ఒక అమ్మాయి అడిగింది. దాటవేయదగిన ప్రశ్న కాదు గనుక పెద్దలు వివరించగలరని మనవి.

సమాధానం – ఒక సంఘకాపరి

వందనాలమ్మా. 24వ వచనం దగ్గర ఆగకుండా 29 వరకు చదివించండి. విశ్వాసి జీవంలోనికి దాటియున్నాడని చెప్పిన అదే ప్రసంగంలో, సమాధులలో ఉన్నవారందరూ తన స్వరం విని బయటికి వచ్చే కాలం రాబోతున్నదని కూడా యేసు చెబుతాడు. యోహాను ఈ రెండింటినీ పక్కపక్కనే ఉంచాడు కాబట్టి, ఒకటి నిలుపుకొని మరొకటి వదిలేసే హక్కు మనకు లేదు.

నిత్యజీవం అంటే ఏమిటో 17వ అధ్యాయం 3వ వచనం చెబుతుంది. సిలువ మరణానికి ముందు రాత్రి చేసిన ప్రార్థనలో, అద్వితీయ సత్యదేవుణ్ణీ, ఆయన పంపిన యేసు క్రీస్తునూ ఎరుగుటయే నిత్యజీవమని యేసు పలికాడు. ఆ ఎరుక తండ్రిని బిడ్డ ఎరిగినట్టు కలిసి బ్రతకడంలో ఉంటుంది గనుక, అది ఈ లోకంలోనే మొదలు కావాలి.

లాజరు సంగతి కూడా పిల్లలకు చెప్పండి. అంత్యదినాన తన సోదరుడు లేస్తాడని మార్త అన్నప్పుడు, పునరుత్థానమును జీవమును నేనే అని యేసు బదులిచ్చాడు. నాలుగు దినాలు సమాధిలో ఉన్న లాజరు లేచాడు, కానీ అతడు మళ్లీ చనిపోవలసినవాడే. అతడు లేవడం రాబోయేదానికి సూచన మాత్రమే అని నేను నమ్ముతాను.

సమాధానం – వేదాంత విద్యార్థి

అయ్యగారు చెప్పినది నిజమే గాని, ఒక జాగ్రత్త అవసరం. "ఇప్పుడే" అన్నదాన్నే పట్టుకుంటే నిత్యజీవం మనశ్శాంతికి మరో పేరుగా మిగిలిపోతుంది. మార్కు 10వ అధ్యాయంలో రాబోవు లోకమందు నిత్యజీవమని స్పష్టంగా ఉంది. 1 కొరింథీయులకు 15లో పౌలు వాదించేది కూడా శరీర పునరుత్థానం కోసమే. ఆత్మ సహజంగానే చావులేనిదని, అందుకే మనం నిత్యం ఉంటామని మన సంఘాల్లో చాలామంది అనుకుంటారు, కానీ 1 తిమోతి 6:16 అమరత్వం దేవునికి మాత్రమే ఉన్నదంటుంది. కనుక రోమా 6:23 చెప్పినట్టు నిత్యజీవం మనకు కృపావరమే.

సమాధానం – కతోలిక విశ్వాసి

మా శ్రీసభలో జ్ఞానస్నానపు వాకిట్లోనే ఈ మాట వినిపిస్తుంది. విశ్వాసం నీకేమిస్తుందని గురువు అడిగితే, నిత్యజీవమని జవాబు. 2007లో 16వ బెనెడిక్ట్ పోపుగారు నిరీక్షణ గురించి రాసిన లేఖలో ఈ జ్ఞానస్నాన సంభాషణనే తీసుకొని, అంతులేకుండా బ్రతుకుతూ పోవడం వరమా, భారమా అని సూటిగా అడిగారు. నిత్యజీవం దినాల వెంట దినాలు సాగడం కాదని, ముందు వెనుకలు లేని ప్రేమలో మునిగిపోవడమని ఆయన వివరణ. నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి మేము ప్రార్థించేది కూడా, మా వారు ఆ ప్రేమలో సంపూర్ణంగా చేరాలనే. మృతుల కోసం ప్రార్థించే విషయంలో మీ సంఘాలకూ మాకూ భేదముందని నాకు తెలుసు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం 24 నుండి 29 వరకు ఒకేసారి చదివిస్తాను. ఆ అమ్మాయికి, భూస్థాపనలో చెప్పే ప్రవేశం ముందే మొదలైన జీవం మరణం దగ్గర ఆగిపోలేదని అర్థమని చెబుతాను. శరీరం సంగతి పై వారం కొరింథు పత్రికతో మొదలుపెడతాను.