సిలబస్ ముగిసిన తరువాత ఏప్రిల్ నెలలో తరగతి గదిలో ఏం చేయించాలి?

ప్రశ్న: గణిత ఉపాధ్యాయురాలు, చంద్రగిరి మండలం

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. ఒంటిపూట బడులు మొదలై, పదో తరగతి పిల్లలు పరీక్షలు రాసి వెళ్ళిపోయిన తరువాత మిగిలిన తరగతులలో చదువు మీద పట్టు సడలిపోతోంది. ఎనిమిదో తరగతిలో సిలబస్ పూర్తయింది. పునశ్చరణ మొదలుపెడితే బాగా చదివే పిల్లలు "ఇది అయిపోయింది కదా టీచర్" అంటున్నారు. వెనుకబడిన పిల్లలేమో మొదటిసారి అర్థం కానిదాన్ని అదే వేగంతో రెండోసారి వింటున్నారు. కొందరు సహోపాధ్యాయులు పదో తరగతి జవాబు పత్రాల మూల్యాంకనానికి వెళ్ళడం వల్ల రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టవలసి వస్తోంది. సమ్మేటివ్ (సంవత్సరాంత) పరీక్షలు కూడా ముగిస్తే హాజరు ఇంకా పడిపోతుంది. సెలవులు ఇచ్చేవరకు ఆటలతో కాలం గడిపించడం నాకు ఇష్టం లేదు. పిల్లలు తమంతట తాము బడికి రావాలనుకునే పని ఏదైనా మీ పాఠశాలల్లో చేయిస్తున్నారా?

జవాబు 1: భౌతిక శాస్త్ర ఉపాధ్యాయుడు, పాకాల

మేడమ్ గారూ, ఒక రోజు మానేస్తే పట్టికలో ఖాళీ మిగిలిపోయే పని ఏదైనా ఇస్తే పిల్లలు మానరని నా అనుభవం. అటువంటి పని మన ప్రాంతానికి ఏప్రిల్ నెలలోనే దొరుకుతుంది. ఒక మీటరు పొడవున్న కర్రను బడి ఆవరణలో నిటారుగా నాటించి, మధ్యాహ్నపు నీడను ప్రతిరోజూ కొలిపించండి. తిరుపతి ప్రాంతంలో సూర్యుడు నడినెత్తికి దగ్గరగా వచ్చే సమయం ఈ నెలలో సుమారు 12 గంటల 10 నిమిషాల నుంచి 12 గంటల 16 నిమిషాల మధ్య ఉంటుంది. మనం పిల్లలను వదిలేది 12-30కి కనుక, ఒంటిపూట బడి సమయంలోనే ఈ కొలత పూర్తవుతుంది. ఏప్రిల్ 1న ఆ నీడ దాదాపు 16 సెంటీమీటర్లు ఉంటుంది. 10వ తేదీకి 10 సెంటీమీటర్లకు, 20వ తేదీకి నాలుగు సెంటీమీటర్ల లోపుకు తగ్గుతుంది. 26వ తేదీ ప్రాంతంలో, అంటే బడికి సెలవులు ఇచ్చిన రెండు మూడు రోజులకు, నీడ పూర్తిగా కర్ర మొదట్లోకి చేరి కనిపించకుండా పోతుంది. ఆ రోజు ఏదో ముందుగా చెప్పకండి. రేఖాచిత్రం గీసి, గీతను ముందుకు పొడిగించి, ఏ తేదీకి నీడ సున్నా అవుతుందో పిల్లలనే అంచనా వేయమనండి. ఎవరి అంచనా సరైనదో సెలవుల్లో తమ ఇంటి ముందే చూసుకుంటారు.

కొలతలో జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. దారానికి రాయి కట్టి వేలాడదీసి, కర్ర నిటారుగా ఉన్నదో లేదో రోజూ సరిచూడాలి. రెండేసి నిమిషాలకు ఒకసారి నీడ కొసను గుర్తించి, వాటిలో అతి చిన్నదాన్ని ఆ రోజు కొలతగా తీసుకోవాలి. ఎండ తీవ్రంగా ఉంటుంది కనుక తరగతి మొత్తాన్ని నిలబెట్టవద్దు. రోజుకు ఇద్దరు చొప్పున వంతులు వేసి, నెత్తిన టోపీయో తువ్వాలో ఉండేలా చూడండి.

ఎనిమిదో తరగతి వారికి త్రికోణమితి రాదు కాబట్టి కర్రను, నీడను తగిన స్కేలుకు కాగితం మీద గీయించి, కర్ర పైకొనను నీడ కొసతో కలిపి, కర్ర పైకొన దగ్గర ఏర్పడే కోణాన్ని కోణమానినితో కొలిపించవచ్చు. మార్చి 21 ప్రాంతంలో ఈ కోణం మన ఊరి అక్షాంశానికి, అంటే సుమారు పదమూడున్నర డిగ్రీలకు సమానంగా వస్తుంది. భూగోళ పాఠంలో కంఠస్థం చేసిన అంకె తమ చేతి కొలతలోనే కనబడినప్పుడు పిల్లల ముఖాలు చూడవలసిందే.

జవాబు 2: ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, చిత్తూరు

సార్ చెప్పినది చక్కని పని. అయితే దానికి రోజుకు పావుగంట పడుతుంది. మిగిలిన నాలుగు గంటల సంగతి కూడా ఆలోచించాలి. సిలబస్ ఒత్తిడి లేని వారాలు సంవత్సరం మొత్తంలో ఇవే. భాగహారం రాని పిల్లవాడి పక్కన తీరికగా కూర్చునే అవకాశం మనకు జూలైలో దొరకదు, నవంబరులో అసలే దొరకదు. నా దృష్టిలో ఈ రోజులు ముందుగా ఆ పిల్లలవి. చీపురు పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టించి స్థానవిలువ దగ్గర నుంచి మొదలుపెట్టండి. ఏడో ఎనిమిదో చదువుతున్న పిల్లలకు చిన్న తరగతి పాఠం చెబుతున్నారన్న సిగ్గు కలగకుండా, ఆ కట్టలను తయారుచేసి ఆరో తరగతి వారికి నేర్పే బాధ్యతను వారికే అప్పగించండి. నేర్పాలంటే తాము ముందుగా నేర్చుకోవాలి కదా. రెండు తరగతులు ఒకే గదిలో ఉండడం దీనికి ఆటంకం కాదు, అనుకూలమే.

ఆలోచించవలసిన పనిని ఉదయం 7-45 నుంచి పది గంటల లోపు పెట్టుకుని, ఆ తరువాత చేతి పనులు, చదివి వినిపించడం వంటివి పెట్టండి. పిల్లలు నీళ్ళు తాగేందుకు నీళ్ళ గంట తప్పకుండా కొట్టించండి.

జవాబు 3: ఒక విద్యార్థి తండ్రి, తిరుపతి

నేను ఉపాధ్యాయుణ్ణి కాను, చిన్న టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. వేసవి మొదలయ్యేసరికి యాత్రికుల రద్దీ పెరుగుతుంది; పరీక్షలు అయిపోయాయని పిల్లవాడు చెబితే మేము దుకాణంలో సాయానికి ఉంచుకుంటాము. బడిలో ఇంకా ఏదో జరుగుతోందని మాకు ఎవరూ చెప్పరు. దయచేసి చివరి వారాలలో ఏ రోజు ఏం చేయిస్తున్నారో ఒక కాగితం మీద రాసి పంపండి. నీడ కొలిచే వంతు మావాడిదని తెలిస్తే ఆ రోజు నేను ఆపను.

జవాబు 4: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, బంగారుపాళెం

అమ్మా, పై జవాబులతో నేను ఏకీభవిస్తున్నాను, ఒక్క హెచ్చరికతో. బాగా చదివే పిల్లలను నెలంతా ఇతరులకు నేర్పే పనిలోనే ఉంచవద్దు. వారి ఆకలికి తగినది కూడా ఏదో ఒకటి పెట్టాలి. మన ప్రాంతంలో ఆ అవసరాన్ని మామిడి తోట తీరుస్తుంది. తోట ఉన్న ఇంటి పిల్లలను ఒక కొమ్మకు గుడ్డపీలిక కట్టి, ఆ కొమ్మకున్న పిందెలను వారానికి రెండుసార్లు లెక్కపెట్టి రమ్మనండి. రాలిన పిందెల శాతం, చెట్టుకు చెట్టుకు మధ్య తేడా, సగటు, నీరు పెట్టిన చెట్టుకు పెట్టని చెట్టుకు పోలిక, ఇవన్నీ వారి సొంత అంకెలతో వస్తాయి. గాలికి రాలినదెంత, నీరు చాలక రాలినదెంత, పురుగు పట్టి రాలినదెంత అని పిల్లలు ఇంట్లో పెద్దలతో వాదించడం మొదలుపెడతారు. తోతాపురి కాయను గుజ్జు ఫ్యాక్టరీకి తోలినప్పుడు తూకంలో తీసే తరుగు గురించి అడగమనండి. శాతాల పాఠానికి అంతకన్నా గట్టి ఉదాహరణ ఈ ప్రాంతంలో లేదు. వీటికి మార్కులు వేయవద్దు. మార్కులు వేసిన రోజు నుంచి పక్కవాడి పుస్తకంలోని అంకెలు కనబడతాయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం నుంచి కర్ర నాటిస్తున్నాను. ఉదయం మొదటి రెండు పీరియడ్లు పుల్లల కట్టలకు కేటాయించాను. తల్లిదండ్రులకు కాగితం కూడా పంపుతాను. పాకాల సార్, ఒక్క సందేహం: జూన్ 12న బడి తెరిచిన తరువాత ఇదే పట్టికను కొనసాగించవచ్చా?

పాకాల ఉపాధ్యాయుడు

తప్పకుండా కొనసాగించండి మేడమ్. అప్పటికి సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరానికి వెళ్ళి ఉంటాడు కనుక మధ్యాహ్నపు నీడ దక్షిణం వైపు పడుతుంది, పొడవు మళ్ళీ 16, 17 సెంటీమీటర్లకు చేరి ఉంటుంది. ఆగస్టు మధ్యలో మరోసారి సున్నా అవుతుంది. కర్ర నాటిన చోటును సెలవుల్లో ఎవరూ కదిలించకుండా చుట్టూ నాలుగు ఇటుకలు పెట్టించి, పట్టిక ఉన్న నోటు పుస్తకాన్ని బీరువాలో భద్రపరచండి.