అప్‌డేట్: భుజం నొప్పికి బీపీసీ-157 వేసుకోవాలా అని అడిగాను కదా, చివరికి ఏమైందంటే

మూడు నెలల క్రితం అడిగింది గుర్తుందో లేదో. జిమ్‌లో ఒకాయన బీపీసీ-157 (గాయాలు త్వరగా మానతాయని చెప్పుకునే పెప్టైడ్, అంటే చిన్న ప్రోటీన్ ముక్కలాంటి ఇంజెక్షన్ మందు) వయల్ ఇస్తానన్నాడు. మా అమ్మ ఎముకల కోసం వేసుకునే టెరిపారటైడ్ కూడా పెప్టైడే, మరి ఇది ఎందుకు వద్దు అని నా ప్రశ్న.

"వయల్ మీద లేబుల్ చదువు, ముందు స్కానింగ్ చేయించు" అన్నవాళ్లకు థ్యాంక్స్. లేబుల్ మీద 'పరిశోధనకు మాత్రమే, మనుషులకు కాదు' అనే ఉంది! తిరిగి ఇచ్చేశాను.

ఆర్థోపెడిక్ డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు. టెరిపారటైడ్‌కు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లోనే అనుమతి ఇచ్చింది. దాని వెనక 1,637 మంది మహిళలపై చేసిన ట్రయల్ ఉంది, వెన్నుపూస విరుగుళ్లు 65 శాతం తగ్గాయి. బీపీసీ-157కి ఉన్నవి ఎక్కువగా ఎలుకల మీద చేసిన ప్రయోగాలే. మనుషుల్లో చేసినవి చాలా చిన్నవి. ఎఫ్‌డీఏ అనుమతి లేదు. 2022 నుంచి వాడా (క్రీడల్లో డోపింగ్‌ను అరికట్టే అంతర్జాతీయ సంస్థ) నిషేధిత జాబితాలో పేరుతో సహా ఉంది. పెప్టైడ్ అన్నది అణువు రకం మాత్రమే, సర్టిఫికెట్ కాదన్నమాట.

అల్ట్రాసౌండ్‌లో తేలింది టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) వాపు, చిరుగు లేదు. పది వారాల ఫిజియోథెరపీ, ఓవర్‌హెడ్ ప్రెస్ బంద్. ఇప్పుడు ఆ పక్కకే తిరిగి పడుకోగలుగుతున్నాను.

డోసు ఎంత, ఇంజెక్షన్ పొట్టకా భుజానికా అని ఇక్కడ సాగిన చర్చంతా నా విషయంలో అనవసరమే అయింది.