40 అడుగుల బాక్స్‌కార్: గ్రాబ్ ఐరన్లు చెక్కేసి తీగ పెట్టడం, బరువు, పాత ఇంజిన్‌కి డీకోడర్

సైడింగ్87:
అందరికీ నమస్కారం. ఇప్పటిదాకా మోడల్ రైలు కిట్లు డబ్బాలో ఉన్నవి ఉన్నట్టు బిగించి పట్టాల మీద పెట్టేయడమే తప్ప డీటెయిలింగ్ జోలికి వెళ్లలేదు. ఇప్పుడు ఒక హెచ్‌ఓ (అసలు బండిలో 87వ వంతు సైజు) కిట్ మొదలుపెట్టాను. పాత తరహా 40 అడుగుల స్టీల్ బాక్స్‌కార్ (నాలుగు వైపులా మూసిన సరుకు బండి), బాడీ మొత్తం ఒకే అచ్చు. రివెట్లు చక్కగా ఉన్నాయి కానీ గ్రాబ్ ఐరన్లు (బండి ఎక్కేవాళ్లు పట్టుకునే కమ్మీలు), నిచ్చెన మెట్లు అన్నీ గోడకి అతుక్కుపోయి ఉన్నాయి. వాటిని చెక్కేసి విడిగా తీగతో పెట్టిన బండ్ల ఫొటోలు చూశాక మనసు ఆగడం లేదు.

ఇంకో సంగతేంటంటే, తాత్కాలికంగా బిగించి తోసి చూస్తే టర్నౌట్ (పట్టాలు రెండు దారులుగా చీలే చోటు) దగ్గర ఒక పక్కకి ఎగురుతోంది. మిగతా బండ్లు అదే టర్నౌట్ మీద హాయిగా వెళ్తున్నాయి కాబట్టి తప్పు పట్టాలది కాదనుకుంటున్నా. ముందు దీని సంగతి చూడాలా, లేక డీటెయిల్స్ అన్నీ అయ్యాక చివర్లో బరువు వేస్తారా? చెక్కేటప్పుడు పక్కనున్న రివెట్లు పోకుండా ఎలా చేస్తారు, 0.3 మి.మీ. తీగకి ఏ డ్రిల్ బిట్ వాడాలి, జిగురు బయటికి కారకుండా ఏం చేయాలి, కాస్త వివరంగా చెప్పండి. దీన్ని లాగడానికి ఒక పాత డీజిల్ ఇంజిన్ ఉంది, డీసీసీకి (పట్టాల ద్వారా ఒక్కో ఇంజిన్‌కి విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) ముందు కాలంది. దానికి డీకోడర్ (ఆ ఆదేశాలు అందుకుని మోటారుని నడిపే చిన్న బోర్డు) పెట్టాలంటేనే టెన్షన్‌గా ఉంది, ఆ ధైర్యం కూడా మీరే ఇవ్వాలి.

లూజ్‌కప్లింగ్:
ముందు నడక, తర్వాతే సింగారం. తీగలన్నీ పెట్టాక బండి పట్టాలు తప్పి పక్కకి పడిందంటే మొదట వంగేవి అవే. పైగా ట్రక్కులు (అడుగున చక్రాలుండే చిన్న చట్రాలు) విప్పి బిగించాలంటే బండిని తలకిందులుగా పట్టుకోవాలి కదా, అప్పటికి చెయ్యి పెట్టడానికి చోటు మిగలదు.

బరువుకి ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికాలోని మోడల్ రైలు సంఘం) వాళ్ల సిఫార్సు ఒకటుంది, ఆర్‌పీ-20.1. హెచ్‌ఓలో అయితే మొదట ఒక ఔన్సు, ఆ పైన బండి పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. హెచ్‌ఓ అంటే అసలు బండిలో అడుగుకి మన దగ్గర 3.5 మి.మీ., కాబట్టి మీ బండి 140 మి.మీ., అంటే ఐదున్నర అంగుళాలు. లెక్క వేస్తే మూడుముప్పావు ఔన్సులు, గ్రాముల్లో 106 దాకా వస్తుంది. కిట్‌తో పాటు వచ్చిన ఇనుప రేకు, ట్రక్కులు, కప్లర్లు (బండ్లని కలిపే కొక్కేలు) అన్నీ కలిపి తూకం వేసి, తగ్గినంత మాత్రమే వేయండి. బరువు ఎంత కిందికి ఉంటే అంత మంచిది, రెండు ట్రక్కుల మీదా సమానంగా పడాలి. సీసం గుళ్లు వాడితే మాత్రం తెల్ల జిగురుతో అంటించకండి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రెండూ కలిసి ఉబ్బుతాయి, బాడీ పక్కలు విచ్చుకున్న బండ్లు చూశాను. ఎపాక్సీ వాడితే గొడవ లేదు.

అయితే మీ బండి ఎగరడానికి బరువు ఒక్కటే కారణం అనుకోను. వేలితో చాలా మెల్లగా తోస్తూ, కళ్లు పట్టాల ఎత్తుకి దించి, మొదట ఏ చక్రం లేస్తుందో చూడండి. ఎప్పుడూ అదే చక్రం లేస్తుంటే ఆ ఇరుసు మీద రెండు చక్రాల మధ్య దూరాన్ని ఎన్‌ఎంఆర్‌ఏ గేజ్ రేకుతో సరిచూడాలి. ఒక చక్రం ఇరుసు మీద వెంట్రుకవాసి జరిగినా టర్నౌట్‌లో ఫ్రాగ్ (పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు) దగ్గర ఎక్కేస్తుంది. అది బాగానే ఉంటే ట్రక్కుల స్క్రూలు చూడండి. రెండూ ఒకేలా బిగించారా? ఒక ట్రక్కు అటూ ఇటూ తిరగాలి గానీ పక్కలకి ఊగకూడదు, రెండోది తిరగాలి, ఊగాలి కూడా. మూడుకాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కుదురుగా నిలబడుతుంది చూడండి, ఇదీ అంతే. రెండూ బిగిస్తే ఒక మూల గాల్లో ఉండి తీరుతుంది.

కప్లర్ కింద వేలాడే ఆ వంకర పిన్ను కూడా చూడండి, అది కిందికి ఉంటే టర్నౌట్ దగ్గర తగిలి బండిని లేపేస్తుంది. కప్లర్ నడిమి గీత పట్టా పైభాగం నుంచి 25/64 అంగుళం ఎత్తులో ఉండాలి, దానికి గేజ్ దొరుకుతుంది. తక్కువైతే ట్రక్కుకీ బాడీకీ మధ్య పల్చటి ఫైబర్ వాషర్ వేస్తే సరి. చివరగా, ప్లాస్టిక్ చక్రాలుంటే తీసేసి మెటల్‌వి వేయండి, మురికి తక్కువ పడుతుంది, తేలిగ్గానూ దొర్లుతాయి.

తీగమేస్త్రి:
నడక గురించి పైన చెప్పింది అక్షరాలా నిజం, అది అయ్యాకే ఇది చదవండి.

కత్తి పట్టే ముందే చేయాల్సిన పని ఒకటుంది. అచ్చులోని ప్రతి గ్రాబ్ ఐరన్ రెండు చివర్లా సూదిమొనతో గట్టిగా ఒక గుంట పెట్టండి. చెక్కేశాక ఆ గుంటలే మీకు కొలతలు. ఇది వదిలేసి తర్వాత స్కేలు పెట్టి కొలుచుకుంటూ కూర్చుంటే వరస తిన్నగా రాదు, మెట్లు ఒకటి పైకి ఒకటి కిందికి పోతాయి. గుంటలు పెట్టాక చుట్టూ ఉన్న రివెట్ల మీద మాస్కింగ్ టేప్ రెండు మూడు పొరలు వేసి, ఉలిలాంటి వెడల్పు బ్లేడుతో పొరలు పొరలుగా తీయండి, ఒక్క దెబ్బకి తీయాలని చూడకండి. చివర్లో గోడకి ఇంకా కాస్త ఎత్తుగా ఉన్నప్పుడే బ్లేడు ఆపేసి, సన్నటి పుల్లకి అంటించిన నూరుడు కాగితంతో సమం చేయండి. ఇంత చేసినా ఒకటో రెండో రివెట్లు పోతాయి, కంగారు పడొద్దు, రెజిన్ బొడిపెలతో వచ్చే రివెట్ డెకల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే పల్చటి పొరలు) ఉన్నాయి, ఆ చోట అతికించి పైన రంగేస్తే కనిపెట్టడం కష్టం.

0.3 మి.మీ. తీగకి 0.35 మి.మీ. బిట్ సరిపోతుంది, నంబర్ల లెక్కలో 80వ నంబరు బిట్ దాదాపు అంతే. మోటారు డ్రిల్ వద్దు, ఆ వేడికి ప్లాస్టిక్ కరిగి బిట్‌కి చుట్టుకుంటుంది. పిన్ వైజ్‌తో (బిట్‌ని పట్టుకునే చిన్న పిడి) చేత్తో తిప్పండి, నాలుగైదు చుట్లకోసారి బయటికి తీసి పొట్టు దులపండి. తీగ ఫాస్ఫర్ బ్రాంజ్ తీసుకోండి, ఇత్తడి మెత్తగా ఉంటుంది, వేలు తగిలితే వంగి అలాగే ఉండిపోతుంది, ఇదైతే స్ప్రింగులా మళ్లీ యథాస్థానానికి వస్తుంది. 0.3 అంటే అసలు కొలతలో 26 మి.మీ. కమ్మీ, నిజమైన దానికంటే కొంచెం లావే, కానీ రంగేశాక కంటికి ఎబ్బెట్టుగా ఏమీ ఉండదు.

తీగ వెనక పల్చటి స్టైరీన్ (ప్లాస్టిక్) ముక్క ఒకటి ఆనించి లోపలికి నెట్టండి, అన్నీ గోడకి ఒకే ఎడంలో నిలుస్తాయి. జిగురు బయటివైపు అసలు పెట్టకూడదు. కాళ్లు కాస్త పొడుగ్గా వదిలి, బాడీ లోపలివైపు నుంచి సూదిమొనతో ఒక్క బొట్టు సీఏ (సూపర్ గ్లూ) అంటించండి, అది దానంతటదే రంధ్రంలోకి పాకుతుంది. అందుకే బరువు, నేల పలక శాశ్వతంగా అతికించక ముందే ఈ పని చేయాలి. పైన లూజ్‌కప్లింగ్ గారు చెప్పినదానికి ఇది విరుద్ధం కాదు, బరువుని టేపుతో తాత్కాలికంగా పెట్టి నడక సరిచూసుకుని, మళ్లీ తీసేసి తీగ పని చేసుకోవచ్చు.

మూడడుగులదూరం:
నేను కాస్త వేరే మాట చెప్తా, కోప్పడకండి. మూడడుగుల దూరం నుంచి చూస్తే పక్క గోడ మీద తీగ పెట్టిందీ పెట్టనిదీ ఎవరికీ తెలియదు. పైనుంచి చూస్తాం కాబట్టి ముందు కనిపించేది పైకప్పు మీది నడకపలక, అది మందంగా ఉంటే బండి మొత్తం బొమ్మలా కనిపిస్తుంది. దాన్ని మార్చి పల్చటి ఎచ్డ్ (రసాయనంతో చెక్కిన లోహపు రేకు) పలక పెట్టండి, రెండు చివర్ల గోడలకి మాత్రం తీగ పెట్టండి, పక్కవి వదిలేసి వాటి అంచుల్లో పల్చటి నల్లరంగు వాష్ పారించండి. సగం శ్రమకే ముప్పాతిక ఫలితం. ఇరవై బండ్ల రైలు కట్టాలనుకునేవాళ్లు ఇలాగే చేయాలి, లేకపోతే ఆ రైలు ఎప్పటికీ కదలదు.

అయితే ఏ సంవత్సరం బండో ముందు తేల్చుకోండి. అమెరికాలో 1966 తర్వాత కొత్తగా కట్టిన బాక్స్‌కార్లకి పైకప్పు మీద నడకపలకే లేదు, పాతవాటికి కూడా తర్వాత్తర్వాత తీసేశారు, నిచ్చెనలు పొట్టివయ్యాయి. అడుగున బ్రేకులూ అంతే. 1933 తర్వాతి కొత్త బండి అయితే రిజర్వాయర్ (గాలి తొట్టి), ఏబీ వాల్వ్ (కొత్త రకం బ్రేకు వాల్వ్), సిలిండర్ మూడూ విడివిడిగా వేలాడాలి. పాత కే రకం బ్రేకులున్న బండి 1953 తర్వాత ఒక రైల్వే నుంచి ఇంకో రైల్వేకి వెళ్లడానికే వీల్లేదు. తీగలన్నీ ముద్దుగా పెట్టి, కాలం కలవని బ్రేకులు వదిలేసిన బండ్లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పక్క గోడ కనపడదన్న నేనే బండి అడుగు భాగం గురించి ఇంత చెప్తున్నానేంటా అనుకుంటారేమో, అది వేరే జబ్బు లెండి.

సైడింగ్87:
అందరికీ చాలా థాంక్స్. మెల్లగా తోసి చూశా, ఎగురుతున్నది ఎప్పుడూ ఒకే చక్రం, గేజ్ పెడితే ఇరుకుగానే ఉంది. కొత్త చక్రాలు వేస్తున్నా. తీగ నాలుగు వైపులా పెట్టాలనే ఉంది, ఒక్క బండే కదా, మూడడుగుల అన్న క్షమించాలి. ఇక ఇంజిన్ గురించి ఎవరైనా చెప్పండి. అలాగే డెకల్స్ ఆరాక వాటి అంచుల కింద తెల్లటి పొరలా మెరుస్తుంది కదా, అది రాకుండా ఏం చేయాలి?

ఆరెంజ్‌గ్రే:
ఇంజిన్ పని భయపడేంత లేదు, ఒక్క విషయంలో మాత్రం అజాగ్రత్త కుదరదు. ఆ కాలం డీజిళ్లలో చాలావాటికి మోటారు కింది బ్రష్ క్లిప్ నేరుగా లోహపు చట్రాన్ని తాకుతూ ఉంటుంది, కరెంటు ఒక పట్టా నుంచి చట్రం ద్వారానే మోటారుకి వెళ్తుంది. డీకోడర్ పెట్టాక అలాగే ఉంటే ఆన్ చేసిన క్షణంలో డీకోడర్ కాలిపోతుంది. మోటారు తీసి, ఆ క్లిప్‌కి విడిగా వైరు సోల్డర్ చేసి, చట్రంలో మోటారు కూర్చునే చోట ఇన్సులేషన్ టేప్ వేసి మళ్లీ బిగించండి. మల్టీమీటర్ పెట్టి మోటారు రెండు కొసల నుంచీ అటు చట్రానికి, ఇటు ఎనిమిది చక్రాలకీ సంబంధం లేదని తేల్చుకునేదాకా డీకోడర్ డబ్బా తెరవకండి.

ఇంకోటి, డీకోడర్ కొనకముందే మోటారు ఎంత కరెంటు తాగుతుందో చూడాలి. డీసీ (మామూలు ఏకముఖ కరెంటు) మీద 12 వోల్టులు ఇచ్చి, ఫ్లైవీల్‌ని వేళ్లతో ఒక్క క్షణం ఆపి అమ్మీటర్ చూడండి. ఆ అంకె డీకోడర్ సామర్థ్యం కంటే తక్కువ ఉండాలి, ఎక్కువైతే మోటారే మార్చడం మేలు.

వైర్ల రంగులకి ప్రమాణం ఉంది. ఎరుపు కుడి పట్టా, నలుపు ఎడమ పట్టా, ఆరెంజ్, గ్రే మోటారుకి, తెలుపు ముందు దీపం, పసుపు వెనక దీపం, నీలం దీపాలన్నిటికీ ఉమ్మడి పాజిటివ్. పాత బల్బు తీసేసి ఎల్‌ఈడీ పెడితే 1 కిలో ఓమ్ రెసిస్టర్ మర్చిపోకండి. అంతా అయ్యాక నేరుగా మెయిన్ లైన్ మీద పెట్టొద్దు, ప్రోగ్రామింగ్ ట్రాక్ (డీకోడర్ సెట్టింగులకి వాడే విడి పట్టా) మీద పెట్టి అడ్రస్ (డీకోడర్ నంబరు) చదివించండి. కొత్తదైతే 3 అని రావాలి. అక్కడ కరెంటు తక్కువ కాబట్టి ఎక్కడైనా షార్ట్ ఉన్నా డీకోడర్ బతికి బట్టకడుతుంది.

తీగమేస్త్రి:
డెకల్ కింద తెల్లగా మెరిసేది ఇరుక్కున్న గాలి. మ్యాట్ రంగు కంటికి నునుపుగా కనిపించినా గరుకే, ఆ గరుకు సందుల్లో గాలి నిలుస్తుంది. కాబట్టి రంగు పూర్తిగా ఆరాక గ్లాస్ (మెరిసే) కోటు వేసి, దాని మీదే డెకల్ పెట్టండి. కుదురుకున్నాక సెట్టింగ్ సొల్యూషన్ రాయండి, డెకల్ మెత్తబడి రివెట్ల మీదికి దిగుతుంది. ఆ సమయంలో ముడతలు పడినట్టు కనిపిస్తుంది, ముట్టుకోవద్దు, ఆరేసరికి సర్దుకుంటుంది. అప్పటికీ ఎక్కడైనా తెల్లగా ఉంటే కొత్త బ్లేడుతో ఆ చోట చిన్న గాట్లు పెట్టి మళ్లీ రాయండి. ఆరాక తడిగుడ్డతో తుడిచి పైన మ్యాట్ కోటు.

దుమ్ము, తుప్పు చాక్ పౌడర్లు ఆ మ్యాట్ కోటు మీదే పట్టుకుంటాయి. మళ్లీ దాని పైన కోటు వేస్తే సగం మాయమవుతాయి కాబట్టి అనుకున్నదానికంటే ముదురుగానే అద్దండి. ఒక జాగ్రత్త, మ్యాట్ కోటు మీద ఆల్కహాల్ కలిపిన వాష్ పారిస్తే తెల్లగా పాలిపోయే ప్రమాదం ఉంది. ఎండకి వెలిసిన బండి కావాలంటే అది పనికొస్తుంది గానీ మీ కొత్త తీగల పక్కన మాత్రం నీళ్లలో కలిపిన అక్రిలిక్ వాషే వాడండి.