పాపకు, ఊళ్లో అత్తమ్మకు చేతి ఖర్చు: యూపీఐ సర్కిల్ పెట్టాలా, విడిగా ఇవ్వాలా?

నెలజీతం:
పాపకు పదమూడేళ్లు. అడిగినప్పుడల్లా పదీ ఇరవై ఇస్తుంటే లెక్క తెలియడం లేదు. ఇకమీదట ఇంత అని ముందే ఇచ్చేద్దామనుకుంటున్నాం. ఊళ్లో అత్తమ్మగారికీ నెలకు 4,000 పంపాలి. మన ఖాతాలోంచే ఇంట్లోవాళ్లు తమ ఫోన్‌తో యూపీఐ చెల్లింపులు చేసుకునేలా ‘యూపీఐ సర్కిల్’ ఉంది కదా, ఇద్దరినీ అందులో పెట్టేస్తే సరిపోదా?

చిల్లరడబ్బా:
పాపకు సర్కిల్ వద్దండి. నెలాఖరుకు 300 మిగిలినా అది మీ ఖాతాలోనే ఉంటుంది, తనది కాదు. ఇక మిగల్చాలని ఎందుకనుకుంటుంది? నగదే ఇవ్వండి, వారానికోసారి, ఆదివారం సాయంత్రం. శనివారం ఇస్తే ఆదివారానికే ఖాళీ. 150 అనుకుంటే పది, ఇరవై నోట్లుగా ఇవ్వండి. వంద నోటు విడిపించాక మిగతా చిల్లర ఎటు పోయిందో పెద్దవాళ్లకే తెలీదు!

ఎంత అన్నదానికంటే ముందు, దాంట్లో ఏమేం కొనుక్కోవాలో తేల్చండి. క్యాంటీన్, పెన్నులు, స్నేహితుల పుట్టినరోజు కానుకలు తనవి. నోటు పుస్తకాలు, ఆటో మీవి. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి, లేకపోతే ప్రతి పెన్ను దగ్గరా బేరమే. గురువారానికే అయిపోతే అడ్వాన్సు ఇవ్వొచ్చు, కానీ వచ్చేవారం అంత కోసేయాలి. మార్కులతో మాత్రం ముడిపెట్టకండి, ప్రోగ్రెస్ కార్డు దాచడం నేర్చుకుంటారు.

పద్దుపుస్తకం:
నగదు లెక్క కుదిరాక ఖాతా తెరవండి. రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ సర్క్యులర్ ప్రకారం పదేళ్లు నిండిన పిల్లలు పొదుపు ఖాతా సొంతంగా తెరిచి నడుపుకోవచ్చు. ఎంత మొత్తం వరకు నడుపుకోనివ్వాలి, ఏటీఎం కార్డు ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం. ఉన్నదానికి మించి తీయడం కుదరదు. 18 నిండాక కొత్తగా సంతకం నమూనా ఇవ్వాలి.

అత్తమ్మగారి ఖాతాకు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి, అంటే ప్రతి నెలా ఒకే తేదీన డబ్బు దానంతటదే వెళ్లేలా బ్యాంకుకు చెప్పి ఉంచడం. జీతం 1న పడితే తేదీ 5 ఇవ్వండి. 1నే పెడితే, జీతం ఆలస్యమైన నెల బ్యాలెన్స్ లేక ఫెయిలవుతుంది. కొన్ని బ్యాంకులు దానికీ ఛార్జీ వేస్తాయి.

నెలజీతం:
ఆవిడ ఫోన్ బాగానే వాడతారు. సర్కిల్ ఆవిడకెందుకు వద్దు?

పద్దుపుస్తకం:
సర్కిల్‌లో చెల్లించే అధికారం (డెలిగేషన్) రెండు రకాలుగా ఇవ్వొచ్చు. పాక్షిక డెలిగేషన్ అయితే ప్రతి చెల్లింపుకూ రిక్వెస్ట్ మీకొస్తుంది, మీరు పిన్ కొట్టాలి. మీరు మీటింగులో ఉంటే ఆవిడ మందుల షాపు కౌంటర్ దగ్గర నిలబడాలి. పూర్తి డెలిగేషన్‌లో ఆ బాధ లేదు. నెలకు 15,000, ఒక్కో చెల్లింపుకు 5,000 దాకా పెట్టుకోవచ్చు. కానీ పాల ప్యాకెట్ కొన్నా మీ ఫోన్లో కనిపిస్తుంది, అది ఆవిడకు బాగుండకపోవచ్చు. సర్కిల్‌ను మందుల వరకే ఉంచి, 4,000 ఆవిడ ఖాతాలో వేయండి.