డోంగర్‌గావ్ ఐసిసారస్: తెర మీద ఎముక ఎంత, ఊహ ఎంత?

సిరోంచ_సైన్స్
ప్రీహిస్టారిక్ ప్లానెట్ డాక్యుమెంటరీ రెండో సీజన్‌లో (2023) ఐసిసారస్‌లనే పెద్ద శాకాహార డైనోసార్లు దక్కన్ లావా నేల దాటుకుంటూ గుడ్లు పెట్టడానికి వెళ్లే ఘట్టం ఉంది గదా. గుడ్ల నుంచి బయటికొచ్చిన పిల్లల మీద రాజాసారస్ అనే వేటాడే డైనోసార్ పడుతుంది. ఐసిసారస్ దొరికింది మన చంద్రపూర్ జిల్లా డోంగర్‌గావ్‌లోనే. అందుకే ఎనిమిదో తరగతికి ఆ ముక్క చూపించి, అసలు సైజులో 20వ వంతు బొమ్మ చేయించాలని ఉంది. అందులో ఏది ఎముకల మీద నిలబడుతుంది, ఏది కల్పన? బొమ్మకు ఏ కొలత పట్టుకోవాలి? ఒక చోట పొడవు 11 మీటర్లని, ఇంకో చోట 18 మీటర్లని ఉంది. మన సిరోంచ పక్కన దొరికిన బారాపాసారస్ అనే డైనోసార్ ఏ డాక్యుమెంటరీలోనూ ఎందుకు కనబడదో కూడా తెలిస్తే చెప్పండి.

వెన్నుపూస
సారు, పొడవుతో మొదలుపెట్టొద్దు. మనకున్నది ముఖ్యంగా ఒక్క జంతువు అస్థిపంజరం. మెడ, వీపు, తోక పూసలు, పక్కటెముకలు, కటి, భుజం, ముందుకాలి ఎముకలు దొరికాయి. పుర్రె లేదు, వెనక కాళ్లు లేవు, పాదాలు లేవు. తక్కువ పడ్డ భాగాలను ఏ చుట్టం (దగ్గరి వంశపు డైనోసార్) నుంచి తెచ్చి అతికిస్తే పొడవు దాన్నిబట్టి మారుతుంది. అందుకే 11 నుంచి 18. చార్టు మీద కూడా "11–18 మీటర్లు" అనే రాయించండి. ఒక్క అంకె రాస్తే అది అబద్ధమే అవుతుంది.

గట్టి కొలత ఒకటుంది: ముందుకాలి పై ఎముక పొడవు 148 సెంటీమీటర్లు. 20వ వంతులో 7.4 సెం.మీ. ముందు ఆ ముక్కను తీగతో కొలిచి కోయించండి, మిగతా ఒళ్లు దాని చుట్టూ కట్టండి. మెడ పొట్టిగా, మందంగా ఉండాలి. జిరాఫీ మెడ పెడితే అది వేరే జంతువు అవుతుంది. వెనక కాలి ఎత్తు మాత్రం ఎవరు పెట్టినా ఊహే. వీపు వెనక్కి ఎంత వాలాలో ఖాయంగా చెప్పలేం. తెర మీద కనబడే ఆ వాలు, ఆ తల రెండూ చుట్టాల నుంచి తెచ్చుకున్నవే. అది తప్పు కాదు, కానీ పిల్లలకు చెప్పాలి.

పేరు గురించి ఒక మాట. 1997లో దీనికి టైటానోసారస్ కోల్‌బర్టీ అని పేరు పెట్టారు. 2003లో వేరే ప్రజాతి అని తేల్చి ఐసిసారస్ అన్నారు. పేరు మొదట్లోని 'ఐసి' ఐఎస్ఐ నుంచి వచ్చింది, అంటే కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. లెక్కల సంస్థ పేరు మోస్తున్న డైనోసార్ ఇది. పిల్లలకు ఇది బాగా గుర్తుంటుంది.

పిస్దురా_దారి
గూళ్ల సంగతి నేను చెప్తాను. లావా పొరల నడుమ డైనోసార్లు బతికాయన్నది నిజం. కచ్‌లోని అంజార్‌లో రెండు లావా పొరల మధ్య మట్టిలో ఎముకలు, గుడ్డు పెంకులు దొరికాయి. ఆ ఘట్టంలోని, భూమి వేడితో గుడ్లు పొదగడమన్న ఆలోచనకు మాత్రం ఆధారం మన దగ్గరిది కాదు. అర్జెంటీనాలోని సనగాస్తాలో వేడి ఊటలున్న చోట గూళ్లు ఉన్నాయని 2010లో తేలింది. మన దేశపు గూళ్లు వేరే కథ చెప్తాయి. మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలో 92 గూళ్లు, 256 గుడ్లు ఉన్నట్టు 2023లో ప్రకటించారు. గుడ్డు అడ్డకొలత 15–17 సెం.మీ., అంటే మీ బొమ్మలో శనగగింజంత. గూళ్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయంటే, అంత పెద్ద తల్లి వాటి మధ్య తిరగడానికి చోటు చాలదు. కాబట్టి గుడ్లు పెట్టి వెళ్లిపోయి ఉంటాయి. పక్కన తల్లిని కాపలా నిలబెట్టొద్దు. వెనకాల కొండ శిఖరం నుంచి లావా చిమ్ముతున్నట్టు కూడా గీయొద్దు. దక్కన్ లావా ఎక్కువగా నేల పగుళ్లలోంచి పొంగి పరుచుకుంది.

నేల మీద గడ్డి పెట్టొచ్చా అని ఎలాగూ అడుగుతారు. కొంచెం పెట్టండి. డైనోసార్ల కాలంలో గడ్డే లేదని చాలా పుస్తకాల్లో ఉండేది. మన వరోరా దగ్గరి పిస్దురాలో దొరికిన, రాయిగా మారిన పేడలో గడ్డి సిలికా రేణువులు కనబడ్డాయి (2005). అవి వరి, వెదురు వంశాలకు దగ్గరివి. ఆ పేడ టైటానోసార్లదే (ఐసిసారస్ చేరే శాకాహార డైనోసార్ల వంశం) అయి ఉంటుందని అంచనా. కానీ పచ్చిక బయలు పరచొద్దు. తాళజాతి, సూదాకు చెట్లే ఎక్కువ ఉండాలి, నడుమ ఒకటి రెండు చోట్ల గడ్డి కుదుళ్లు చాలు.

సిరోంచ_సైన్స్
చాలా మేలు చేశారు. పాదాలు దొరకలేదన్నారు కదా, మరి ముందు పాదానికి ఏనుగు గోళ్లలాగా పెట్టొచ్చా?

వెన్నుపూస
పెట్టొద్దు. ఎక్కువ బొమ్మలు తప్పేది ఇక్కడే. టైటానోసార్ల ముందు పాదానికి వేళ్లుండవు, బొటనవేలి గోరు కూడా పోయింది. అయిదు అరచేతి ఎముకలు నిలువుగా, గుర్రపు లాడం ఆకారంలో నిలబడి స్తంభంలా బరువు మోస్తాయి. లాడం తెరిచిన వైపు వెనక్కి ఉండాలి. గోళ్లు వెనక పాదానికి, లోపలి మూడు వేళ్లకే. కాళ్లు కొంచెం ఎడంగా పెట్టండి. టైటానోసార్లవని చెప్పే అడుగుల జాడలు వెడల్పుగా ఉంటాయి.

తీగ మీద నేరుగా మట్టి పెడితే ఎండేటప్పుడు పగులుతుంది. న్యూస్‌పేపరు, మైదా జిగురుతో పలచగా పొర వేసి, ఒకరోజు ఎండనిచ్చి, తర్వాతి పొర వేయండి. ఒకేరోజు దట్టంగా వేస్తే లోపలి తడి బరువుకు ముందుకాళ్లు వంగుతాయి. మెడ తీగ భుజం దగ్గర ఆగకూడదు, కటి దాకా ఒకటే ముక్కగా పోవాలి. లేకపోతే తల వాలిపోతుంది. చివర్లో దొరికిన భాగాలకు ఒక రంగు, ఊహించిన భాగాలకు వేరే రంగు వేయించండి. వెనక కాళ్లు, తల అప్పుడు విడిగా కనబడతాయి.

రాజా_అభిమాని
రాజాసారస్ గురించి కూడా అంతే నిక్కచ్చిగా ఉండండి. గుజరాత్‌లోని రహియోలీలో దొరికింది, 2003లో పేరు పెట్టారు. పుర్రెలో మెదడు చుట్టూ ఉండే భాగం, నుదుటి మీది పొట్టి కొమ్ము దొరికాయి. మూతి ఊహించిందే. డోంగర్‌గావ్‌లో దాని ఎముకలు లేవు, రెండింటినీ ఒకే ఘట్టంలో పెట్టడం దర్శకుల ఎంపిక. ఎక్కువ డాక్యుమెంటరీల్లో వేటకు దూకే ముందు గర్జన వినిపిస్తుంది. వేటాడేది అరిచి హెచ్చరించదు. పెద్ద డైనోసార్లు మొసలి, ఉష్ట్రపక్షిలాగా నోరు మూసి లోతైన గురగుర చేసి ఉండొచ్చని 2016 అధ్యయనం ఒకటి చెప్పింది. ఆ ముక్క ఒకసారి శబ్దం ఆపి చూపించండి. భయం దృశ్యంలో ఎంత, సంగీతంలో ఎంత అని పిల్లలే గమనిస్తారు.

పిస్దురా_దారి
బారాపాసారస్ మాట మిగిలిపోయింది. సిరోంచ పక్క పోచంపల్లి దగ్గర 1960 ప్రాంతంలో తవ్వారు. కనీసం ఆరు జంతువులవి, దాదాపు 300 ఎముకలు వచ్చాయి. బెంగాలీలో 'బడా పా' అంటే పెద్ద కాలు, దాని తొడ ఎముక దాదాపు 1.7 మీటర్లు. దాని పూర్తి పేరు బారాపాసారస్ టాగోరీలో టాగోరీ అన్నది ఠాగూర్ శతజయంతికి గుర్తు. ఇన్ని ఎముకలున్నా పుర్రె లేదు, పళ్లే దొరికాయి. అది తెర మీదికి రాకపోవడానికి ఇదే ప్రధాన కారణమని నా నమ్మకం, ముఖం లేనిదాన్ని దగ్గరగా చూపించడం కష్టం. ప్రాణహితకు అవతల మన తెలుగు నేల మీద దొరికిన కోటాసారస్‌కూ పుర్రె లేదు. ఐసిసారస్‌కూ లేదన్నది నిజమే, కానీ దానికి లావా కథ కలిసొచ్చింది. ఈ రెండూ ఐసిసారస్ కంటే పది కోట్ల ఏళ్లకు పైగా పాతవి, ఒకే బొమ్మల వరుసలో పక్కపక్కన నిలబెట్టొద్దు. పిల్లలను ఎప్పుడైనా హైదరాబాద్ తీసుకెళ్తే బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం చూపించండి. దాని తలను మాత్రం వేరుగా అడిగి చూడమనండి, అది తవ్వకాల్లో వచ్చింది కాదు.