వరోవా మందు మైనంలోనే మిగిలిపోయింది, పాత తుట్టెలు ఎలా మార్చాలి?

నా దగ్గర 22 ఇటాలియన్ తేనెటీగల పెట్టెలున్నాయి, ఒక్కోదానిలో 10 ఫ్రేములు (ఈగలు తుట్టె కట్టే చట్రాలు). ఈగలను పట్టి పీడించే వరోవా నల్లికి మూడేళ్లుగా ఏటా ఫ్లూవాలినేట్ అనే మందు పట్టీలు, పెట్టెకు రెండేసి పెట్టాను. పోయినేడు వానల వల్ల 6 వారాలకు తీయాల్సినవి 9 వారాలు ఉండిపోయాయి, తప్పు నాదే. ఈ ఫిబ్రవరిలో ల్యాబుకు పంపితే తేనెలో ఏమీ కనిపించలేదు. మైనంలో మాత్రం కిలోకు 3 మిల్లీగ్రాములు!

మైనాన్ని రెండుసార్లు వేడినీళ్లలో కరిగించి, గుడ్డలో వడకట్టి మళ్లీ పరీక్ష చేయించాను. అంకె దాదాపు కదల్లేదు. ఈ మందు కొవ్వులో కలిసేది, నీళ్లతో పోదని అప్పుడు అర్థమైంది. తుట్టెకు ఆధారంగా ఫ్రేములో పెట్టే మైనం షీటు బజారులో కొత్తది కొంటే దానిలోనూ అదే మందు తేలింది. ఆ తేనె మా పిల్లలూ తింటారు, అందుకే వదిలేయలేకపోతున్నాను.

నల్లికి మందుగా ఇప్పుడు ఫార్మిక్ యాసిడ్‌కు మారాను. పాత తుట్టెలు తీసేసి, షీటు లేకుండా ఖాళీ ఫ్రేములిచ్చి ఈగలతోనే కొత్తగా కట్టించాలనుకుంటున్నా. రెండు పెట్టెల్లో ఒకేసారి 5 ఫ్రేములు మారిస్తే తుట్టెలు వంకరగా కట్టాయి, పిల్ల (గుడ్లు, పురుగులు) తగ్గి ఈగలు బలహీనపడ్డాయి.

పొద్దుతిరుగుడు పూత ఉన్నప్పుడు, ఈగలు దెబ్బతినకుండా, పెట్టెకు ఒక్కసారి ఎన్ని ఫ్రేములు మార్చవచ్చు?